చాకిరేవు నుండి వంటింటికి

వంటింటి అలమరలో ఇంగువడబ్బీకీ వాముసీసాకూ నడుమ, ఎవరి కంటా అంతగా పడని చోట, ఒక చిన్న సీసా ఉంటుంది. అందులో తెల్లని పొడి. బెజవాడలో దానిని తినేసోడా అంటారు. వంటసోడా అనీ, సోడా ఉప్పు అనీ అనేవారూ ఉన్నారు. పేర్లు మూడైనా వస్తువు ఒక్కటే. వీటిలో మొదటి పేరు కొంచెం ఆలోచింపదగినది. తినే బెల్లం అని ఎవరూ అనరు. తినే చింతపండు అని ఎవరూ అనరు. ఒక వస్తువు పేరుకు ముందు ‘తినే’ అన్న విశేషణం తగిలించవలసి వచ్చిందంటే, అదే పేరుతో తినరానిది మరొకటి ఆ ఇంటిలోనో ఆ వీధిలోనో తిరుగుతున్నదని అర్థం. ‘మంచినీళ్లు’ అన్న మాట వెనుక ఉప్పునీళ్ల బావి ఉన్నట్లే, తినేసోడా వెనుక చాకలిసోడా ఉన్నది.

ఈ రెండింటిలో పెద్దది చాకలిసోడాయే. వంటింటికి రాకముందు సోడా చాకిరేవులో ఉన్నది. చాకిరేవుకు రాకముందు నేలలో ఉన్నది.

కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమ ప్రాంతంలోనూ, అక్కడినుండి కృత్తివెన్ను వరకు సాగే తీరంలోనూ ‘పర్ర’ అన్న మాట వినిపిస్తుంది. పంటకు రాని చౌటినేల పర్ర. వేసవి ముదిరేసరికి అక్కడి నేల మీద ఉప్పు తెల్లగా పూస్తుంది. అయితే రైతు చౌడునంతా ఒకే గాట కట్టడు. పాలచౌడు వేరు, కారుచౌడు వేరు అంటాడు. పాలచౌడులో ఉన్నది ముఖ్యంగా సముద్రపు ఉప్పు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమంది ప్రాణాలను తీసుకొని పోయింది. పోతూ పోతూ పొలాలలో ఈ ఉప్పును విడిచిపోయింది. మంచినీరు నిలువకట్టి, ఇంకించి, మురుగు తీసివేస్తే పాలచౌడు క్రమంగా విరుగుతుంది. కారుచౌడు అంత సులభంగా లొంగదు. దానిలో ఉన్నది సోడా. నేలలో కుళ్లిన ఆకూ అలమూ సారం ఆ సోడానీటిలో కరిగి పైకి నల్లగా తేలుతుంది గనుకనే దానికి ఆ పేరు. కారు అనగా నలుపు. ఆ నేలలో వాన కురిస్తే నీరు ఇంకదు. ఎండ కాస్తే పార దిగదు. జిప్సం వేసి, జీలుగ చల్లి కలియదున్ని, రైతు ఏళ్లతరబడి దానితో పోరాడుతాడు. ప్రయోగశాలలో రసాయనికుడు రెండు లవణాలుగా విడదీసి చూపే భేదాన్ని, నేల రంగునుబట్టీ పారదెబ్బనుబట్టీ మన రైతులు రెండు మాటలలో పెట్టుకొన్నారు. తెలుగు పాఠం చెప్పేవారు గాని విజ్ఞానశాస్త్రం చెప్పేవారు గాని తరగతిలో ఈ రెండు మాటలను వాడుకొంటే మంచిది.

రైతుకు శత్రువైన ఈ చౌడే రజకునికి పెట్టుబడి అయింది. చౌడుమట్టిని నీటిలో కలిపి, ఆ నీటిలో మురికిబట్టలు నానవేసి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టించడాన్ని ‘ఉబ్బ వేయడం’ అంటారు. వేడికి సోడా బట్టలలోని జిడ్డును పట్టుకొని దానితో కలిసి ఒకవిధమైన సబ్బుగా మారుతుంది. ఆ సబ్బు కాలువనీటిలో కొట్టుకొనిపోతుంది. సబ్బుబిళ్ల పల్లెలకు రాకముందు మన ధోవతులూ చీరలూ తెల్లబడినది ఈ విధంగానే. అంగడి సోడా మూటలతో వచ్చి చౌడుమట్టి స్థానాన్ని ఆక్రమించినప్పుడు, ఏ వృత్తివారు దానిని మొదట అందుకొన్నారో ఆ వృత్తి పేరే దానికి నిలిచిపోయింది.

వంటకు మాత్రం క్షారం బొత్తిగా కొత్త కాదు. మినపపిండిలో క్షారం కలపనిదే అప్పడం పొంగదు. ఇది సీసాలోని సోడాకంటె పాత విద్య. ఆయుర్వేదంలో స్వర్జికాక్షారం, యవక్షారం అని రెండింటిని కలిపి క్షారద్వయం అన్నారు. వీటిలో మొదటిదే సోడా. ఇంగ్లీషువారి ‘ఆల్కలీ’ కూడ అరబ్బీ మాటయే. ఉప్పునేలలో పెరిగే మొక్కలను కాల్చగా వచ్చిన బూడిదకు అరబ్బులు పెట్టిన పేరు అది. ఐరోపాలో గాజు చేసేవారూ సబ్బు వండేవారూ చాలకాలం ఆ బూడిద మీదనే ఆధారపడినారు.

బూడిద చాలకపోయినప్పుడు సముద్రపు ఉప్పునుండి సోడా తీయగలమా అన్న ప్రశ్న పుట్టింది. దానికి మొదటి సమాధానం చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు నికొలా లెబ్లాంక్. 1791లో ఆయనకు పేటెంటు లభించింది. అదే కాలంలో విప్లవం వచ్చి, ఆయనను పోషించిన ప్రభువు తలతో పాటు కర్మాగారమూ పోయింది. దారిద్ర్యంలో కుంగి 1806లో లెబ్లాంక్ ఆత్మహత్య చేసుకొన్నాడు. ఆయన పద్ధతితో ఇతరులు కోట్లు గడించారు.

ఆ పద్ధతిని వెనుకకు నెట్టినవాడు బెల్జియం దేశస్థుడు ఎర్నెస్టు సాల్వే. 1861లో ఆయన కనిపెట్టిన మార్గం విద్యార్థులు తెలుసుకొనదగినంత అందమైనది. ఉప్పునీటికి అమ్మోనియాను పట్టించి, అందులోకి బొగ్గుపులుసు గాలిని, అనగా కార్బన్ డయాక్సైడును పంపుతారు. అప్పుడు తెల్లని పొడి అడుగుకు దిగుతుంది. ఆ పొడి మన తినేసోడాయే. దానిని కాలిస్తే బొగ్గుపులుసు గాలిని విడిచి చాకలిసోడా అవుతుంది. చాకలిసోడాను మరల నీటిలో కరిగించి ఆ గాలినే పట్టిస్తే శుద్ధమైన తినేసోడా తిరిగి వస్తుంది. వంటకు వాడేది ఇలా రెండవసారి పుట్టినది. ఇన్ని పేర్లు పెట్టి మనం వేరుచేసినా, ఈ రెండింటికీ నడుమ ఉన్నది ఒక నిప్పుసెగ మాత్రమే.

మన దేశానికి చాలకాలం సోడా ఇంగ్లండునుండి ఓడలలో వచ్చింది. చెషైరు మండలంలో 1873లో స్థాపితమైన బ్రన్నర్ మాండ్ సంస్థవారి మూటల మీద నెలవంక గుర్తు ఉండేది. కపిలరామ్ వకీల్ అన్న గుజరాతీ రసాయనికుడు బరోడా సంస్థానంలోని ఓఖామండలంలో 1927లో ఉప్పు కర్మాగారం ఆరంభించాడు. ఆ చోటికే మీఠాపూర్, అనగా ఉప్పుటూరు, అని పేరు వచ్చింది. 1939లో అక్కడ టాటా కెమికల్సు ఏర్పడింది. ఆ టాటా సంస్థయే 2006లో నెలవంక గుర్తు బ్రన్నర్ మాండ్‌ను కొనివేసింది. చరిత్రలో ఇటువంటి తిరుగుమూటలు తరచుగా కనబడవు.

ఇంతవరకు చెప్పినది సోడా కథ. ఇక బేకింగ్ పౌడరు సంగతి. ఈ రెండూ ఒకటే అనుకొని వంట చెడగొట్టుకొనేవారు విద్యావంతులలోనూ ఉన్నారు. తినేసోడా ఒంటరిది, పొంగడానికి దానికి పులుపు తోడు కావాలి. బేకింగ్ పౌడరు ఆ పులుపును వెంటబెట్టుకొని వచ్చిన సోడా. పొడిగా ఉన్నంతవరకు రెండూ పోట్లాడుకొనకుండ మధ్యన పిండిపదార్థం కలుపుతారు. తడి తగలగానే పోరు మొదలవుతుంది. 1843లో బర్మింగుహాములో ఆల్ఫ్రెడ్ బర్డ్ అన్న మందుల వ్యాపారి దీనిని తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్టు పడేది కాదు. ఆమెకు గ్రుడ్లూ పడవు గనుక అంతకు ముందే, 1837లో, గ్రుడ్లు లేని కస్టర్డు పొడి చేశాడు. భార్య అజీర్ణం వలన రెండు పరిశ్రమలు పుట్టినవన్నమాట.

అమెరికాలో హార్వర్డు ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్ 1856లో పులుపు కోసం భాస్వర లవణాన్ని వాడి పేటెంటు పొందాడు. అదే హార్వర్డులో సుమారు 70 సంవత్సరాల తరువాత, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించి ప్రపంచఖ్యాతి గడించారు. రెండు కథలకూ సంబంధం ఆ భాస్వరం ఒక్కటే. అయినా ఒక రొట్టెలపొడి గురించి చదువుతూ మన డెల్టావాని పేరు తలచుకొనే అవకాశం వచ్చినప్పుడు దానిని వదలనక్కరలేదు. జర్మనీలో ఆగస్టు ఒట్కెర్ అన్న మందులషాపు యజమాని 1891లో, సరిగా అరకిలో పిండికి సరిపోయే పొట్లాలుగా కట్టి అమ్మాడు. కొలత తప్పుతుందన్న భయం ఇల్లాలికి పోయింది. ఆయన ఐశ్వర్యానికి అదే మూలం.

బ్రాండులలో దీర్ఘాయువు గలది ఆర్మ్ అండ్ హామర్. చేతిలో సుత్తి పట్టిన బాహువు దాని గుర్తు. 1846లో ఆస్టిన్ చర్చ్ అన్న వైద్యుడూ, ఆయన బావమరిది జాన్ డ్వైటూ సోడాను ఇంటి వంటగదిలో పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. తరువాత చర్చ్ కొడుకు తన మసాలామిల్లు గుర్తును దీనికి తెచ్చాడు. ఆ మిల్లు పేరు వల్కన్. వల్కన్ రోమనుల విశ్వకర్మ, అగ్నికి అధిదేవత. ఆవు గుర్తుతో డ్వైటు ఒక ప్రక్కన, సుత్తి గుర్తుతో చర్చ్ కొడుకులు ఒక ప్రక్కన, చాలకాలం పోటీగా అమ్మి 1896లో ఒక్కటైనారు. పొట్లంతో పాటు పక్షుల బొమ్మల కార్డులిచ్చి పిల్లలను ఆకట్టుకొన్నారు. అమెరికా ఇల్లాళ్లు ఇంట రొట్టె కాల్చడం తగ్గించినప్పుడు కంపెనీ చింతించి కూర్చోలేదు. 1972లో, సోడా డబ్బా మూత తీసి శీతలయంత్రంలో ఉంచితే దుర్వాసన పోతుందని ప్రచారం చేసింది. తినడానికి కొన్న వస్తువును తినకుండనే ఖర్చు చేయించడం గొప్ప వ్యాపారచాతుర్యమే.

ఈ పోటీలలో మచ్చ కూడ లేకపోలేదు. పులుపు కోసం ద్రాక్షలవణం వాడేవారు, చౌకగా దొరికే పటికలవణం వాడేవారి మీద ధ్వజమెత్తి, పటిక విషమని చాటారు. 1899లో మిస్సోరీ రాష్ట్రం పటిక కలిసిన బేకింగ్ పౌడరును నిషేధిస్తూ చట్టం చేసింది. శాసనసభ్యులకు లంచాలు ముట్టిన సంగతి తరువాత బయటపడింది, చట్టం రద్దయింది. పటిక అనగానే కృష్ణాజిల్లావారికి పెడన, బందరు కలంకారీ స్మరణకు వస్తుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పటికనీటితో అచ్చువేసినచోటనే ఎరుపురంగు అంటుకొంటుంది. అచ్చు లేనిచోట కాలువలో ఉతికితే పోతుంది. ఒకే ద్రవ్యం మీద ఒకచోట వ్యాజ్యం, మరొకచోట చిత్రం.

మనదేశంలో 1956లో పూనాలో మొదలైన వీక్‌ఫీల్డు సంస్థ కస్టర్డు పొడితో పాటు బేకింగ్ పౌడరు డబ్బాను కూడ పట్టణాల దుకాణాలలోకి తెచ్చింది. అయినా డెల్టా వంటింట్లో ఆ డబ్బా సోడాసీసాను తొలగించలేకపోయింది. కారణం రెండు విధాలు. మన వంటిళ్లలో రొట్టె కాల్చే పొయ్యి లేదు. రెండవది మరింత ముఖ్యం: పులుపును డబ్బాలో కొనుక్కోవలసిన అవసరం మనకు లేదు. మైసూరుబజ్జీ సంగతే చూడవచ్చు. బెజవాడ వీధులలో సాయంకాలం ఆ బజ్జీల వాసన తగలని మలుపు తక్కువ. మైదాపిండిలో పుల్లమజ్జిగో పుల్లపెరుగో పోసి, చిటికెడు సోడా వేసి, చేత్తో బాగా గిలకొట్టి నానబెడతారు. పెరుగులోని ఆమ్లం, సీసాలోని సోడా కలిసి బొగ్గుపులుసు గాలిని పుట్టిస్తాయి. మైదాలోని జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. నూనె కాగగానే బజ్జీ బంతివలె ఉబ్బుతుంది. హార్స్‌ఫర్డు ప్రయోగశాలలో సాధించిన జోడింపు ఇక్కడ పెరుగుముంతలో సిద్ధంగా ఉన్నది.

పెరుగు పుల్లగా లేకపోతే ఏమవుతుంది? ఇక్కడ చిన్న లెక్క అవసరం. ఆమ్లం తగినంత ఉంటే 84 గ్రాముల సోడానుండి 44 గ్రాముల గాలి వస్తుంది. ఆమ్లం లేక కేవలం వేడికే విరిగితే 22 గ్రాములే వస్తుంది. పొంగు సగమైపోతుంది. అంతటితో ఆగదు. పులుపు బొత్తిగా లేని పిండిలో 8 గ్రాముల సోడా వేసి, అది పూర్తిగా విరిగేటట్లు కాల్చితే, సుమారు 5 గ్రాముల చాకలిసోడా ఆ పలహారంలోనే మిగిలిపోతుంది. సబ్బురుచి, నాలుక మీద జారుడు, పిండిలో పసుపుపచ్చని మచ్చలు దాని ఆనవాళ్లు. పొంగలేదని మరికొంచెం సోడా వేసే వంటవాడు చేస్తున్నది, పొంగును కాదు, చాకలిసోడాను పెంచడం. కావలసినది సోడా కాదు, పులుపు.

ఈ రెండు సోడాలూ ఒకే అంగడిలో, చూపుకు ఒకే తీరులో దొరుకుతాయి గనుక పొరపాటుకు తావున్నది. చాకలిసోడా మింగితే నోరూ గొంతూ పొక్కుతాయి. నిమ్మరసం పిండి చూస్తే తెలియదు. రెండూ బుసబుస పొంగుతాయి. పసుపు చెప్పగలదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడడం తెలియని తెలుగు ఇల్లు లేదు. పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద చాకలిసోడానీరు వేస్తే అదే ఎరుపు గాఢంగా తేలుతుంది. తినేసోడానీటికి రంగు కొద్దిగా మాత్రమే మారుతుంది. ఖర్చులేని ఈ ప్రయోగం ఏ పాఠశాలలోనైనా చేయవచ్చు. రుచి చూసి తెలుసుకొనే ప్రయత్నం మాత్రం కూడదు.

ఇడ్లీ విషయం వేరు. మినప్పప్పూ బియ్యపురవ్వా కలిపి రాత్రంతా ఉంచిన పిండిలో లూకనాస్టాక్ అన్న సూక్ష్మజీవులు పుట్టి బొగ్గుపులుసు గాలిని విడుస్తాయి. ఇడ్లీ పొంగుకు మూలం ఈ జీవులేనని 1965లో శాస్త్రజ్ఞులు నిర్ధారించి ప్రకటించారు. సోడా రెండు నిమిషాలలో ఇచ్చే గాలినే ఇవి పది పన్నెండు గంటలలో ఇస్తాయి. అయితే అవి ఊరక గాలిని ఊదిపోవు; పిండికి పులుపునూ, రుచినీ, జీర్ణమయ్యే గుణాన్నీ ఇచ్చిపోతాయి. పులియని పిండిలో సోడా వేసి దించిన ఇడ్లీ పొంగిన మాట నిజమే. దానిని పులిసిన ఇడ్లీతో సమానమనడం సత్యం కాదు. తెల్లవారకముందే వందలమందికి పెట్టవలసిన హోటలువాని తొందర అర్థం చేసుకొనదగినదే గాని, ఇంటిలో ఆ తొందర దేనికి?

దీనికంటె గంభీరమైనది కందిపప్పు సంగతి. కాలువనీటిలో మెత్తగా ఉడికే పప్పు, సున్నం ఎక్కువగా ఉన్న బావినీటిలో ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది. అప్పుడు చిటికెడు సోడా పడుతుంది. పప్పు క్షణంలో కరిగిపోతుంది. దానితో పాటు పప్పులోని థయమిన్, అనగా బి-1 విటమిను, చాలవరకు నశిస్తుంది. క్షారంలో వేడిచేస్తే అది నిలువదు. ఇది ఎక్కడైనా నష్టమే. కృష్ణా గోదావరీ మండలాల చరిత్రలో దీనికి ప్రత్యేకమైన బరువున్నది. వరిమిల్లులు వచ్చి దంపుడుబియ్యాన్ని వెళ్లగొట్టిన తరువాత, ఉత్తర సర్కారుల తీరంలో బెరిబెరి వ్యాధి పాతుకొనిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు ఉబ్బి, గుండె నీరసించి మనుషులు చనిపోయేవారు. దక్షిణాది జిల్లాలలో ఉప్పుడుబియ్యం తినేవారికి ఆ బెడద అంతగా లేదు. ఉడికించినప్పుడు తవుడులోని విటమిను గింజలోనికి దిగుతుంది. పచ్చిబియ్యాన్ని తెల్లగా మరపట్టించి తినే మన డెల్టావారికి ఆ అదృష్టం లేకపోయింది. 1918లో కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ ఒకే ఒక గదిలో బెరిబెరి విచారణ సంస్థను ఆరంభించాడు. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలోని ఆ పెద్ద భవనాలకు మూలం ఒక విధంగా మన ప్రాంతపు తెల్లన్నం. అన్నంలో పోయిన విటమినుకు దిక్కు పప్పు ఒక్కటే అయినప్పుడు, ఆ పప్పులో సోడా వేయడం ఎటువంటి పనో వేరే చెప్పనక్కరలేదు. పప్పును ముందుగా నానబెడితే చాలు, సోడాతో పని ఉండదు.

రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు తగ్గిస్తారు గాని సోడాను లెక్కలోకి తీసుకొనరు. గ్రాము సోడాలో నాలుగవ వంతుకు మించి సోడియం ఉన్నది. కడుపుమంటకు పదేపదే సోడానీళ్లు త్రాగే అలవాటు అందువలన మంచిది కాదు. ఇంగ్లండులో పుట్టిన ‘ఈనో’ పండ్ల ఉప్పు కూడ సోడా, నిమ్మ ఉప్పుల కలయికయే. మనదేశంలో ఆ పొట్లం మీద స్వర్జికాక్షారమనే ప్రాచీన నామం అచ్చువేశారు. చరకుని కాలపు మాట ఇంగ్లీషు పొట్లం ఎక్కి తిరిగి వచ్చింది.

మందుగా సోడా చేసిన మహోపకారం మరొకచోట ఉన్నది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి, నరాలకు ఎక్కించే సెలైన్ చాలకపోయింది. అప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినేసోడా కలిపి త్రాగించాడు. నూటికి 30మంది వరకు చనిపోతున్నచోట, మరణాలు నాలుగు లోపునకు దిగినవి. 1984 తరువాత ఆ మిశ్రమంలో సోడాకు బదులు సిట్రేటు వచ్చింది. చెమ్మగాలి తగిలే దేశాలలో సోడా కలిసిన పొట్లం త్వరగా పాడవుతుందన్నది ఆ మార్పుకు కారణం. బందరు గాలిలో మూత తీసి ఉంచిన బేకింగ్ పౌడరు కొన్నాళ్లకు పొంగకపోవడమూ ఈ చెమ్మ మూలానే. వేడినీటిలో చెంచాడు పొడి వేసి చూస్తే దానిలో ప్రాణం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

నేడు డెల్టాలో తినేసోడా పొట్లాలుగా కాక బస్తాలుగా దిగే చోట్లున్నవి. కైకలూరు, ముదినేపల్లి, బంటుమిల్లి, కృత్తివెన్ను ప్రాంతాలలో వరిచేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయినవి. పెద్దవాన పడితే చెరువునీటిలోని క్షారం పలుచబడుతుంది. అప్పుడు పగటికీ రాత్రికీ నీటి గుణం విపరీతంగా మారి, పొర విడిచిన రొయ్యకు కొత్త పొర గట్టిపడదు. రైతు పొద్దుగుంకిన తరువాత సోడాబస్తా విప్పి, డ్రమ్ములో కరిగించి, పడవ మీద తిరుగుతూ చెరువంతా చల్లుతాడు. కొంచెం దూరంలో, అదే మండలంలో, మరొక రైతు తన చేలోని సోడాను వదిలించుకొనేందుకు జిప్సం బస్తాలు దించుకొంటూ ఉంటాడు.